ఆ పెరిగిన శక్తి ఎక్కడిది, మేడమ్?

ఈసారి ఉత్తరం ఒక ఫిజిక్స్ లెక్చరర్ గారిది. పేరు వద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం, అందుకని ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెప్తాను.

ఆవిడ చాలా ఏళ్ళుగా కాలేజీలో పాఠాలు చెప్తున్నారు. థర్మోడైనమిక్స్ మొదటి నియమం ఆవిడకి బాగా ఇష్టమైన పాఠం. "శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం, ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చగలం, దీనికి మినహాయింపు లేదు" అని ప్రతి బ్యాచ్‌కీ బోర్డు మీద రాసి కింద గీత కూడా గీస్తారట. ఈ ఏడాది వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచాడు. "మేడమ్, విశ్వం వ్యాకోచిస్తోంది, డార్క్ ఎనర్జీ సాంద్రత మాత్రం తగ్గడం లేదు అంటున్నారు కదా. ఘనపరిమాణం పెరుగుతూ సాంద్రత అలాగే ఉంటే మొత్తం శక్తి పెరిగినట్టే. ఆ పెరిగిన శక్తి ఎక్కడిది?" అని అడిగాడు. (డార్క్ ఎనర్జీ అంటే ఖాళీ స్థలమంతా నిండి ఉండి విశ్వ వ్యాకోచాన్ని వేగవంతం చేస్తోందని అనుకుంటున్న శక్తి.) రేపు చెప్తానన్నారు. ఇంటికెళ్ళి చదివితే ఒకచోట శక్తి నిత్యత్వం విశ్వానికి వర్తించదని ఉంది, ఇంకోచోట వర్తిస్తుంది, గురుత్వాకర్షణకి ఉన్న రుణ శక్తిని కలిపితే లెక్క సరిపోతుందని ఉంది, మూడోచోట అసలు ఆ ప్రశ్నకే అర్థం లేదని ఉంది. ముగ్గురూ పెద్ద శాస్త్రవేత్తలే. ఆ "రేపు" అలా వాయిదా పడుతూనే ఉంది. ఈలోపు ఆ అబ్బాయి ఒక సెమినార్ పేపర్ రాసుకొచ్చాడు. శక్తి నిత్యత్వ నియమం తప్పని తేలిపోయిందని, కాబట్టి ఇంధనం అక్కర్లేని యంత్రం సాధ్యమేనని అందులో ముగింపు. దాని మీద గైడ్‌గా ఈవిడ సంతకం కావాలి. డిపార్ట్‌మెంట్ హెడ్‌ని అడిగితే, సిలబస్‌లో లేని గొడవ మనకెందుకు, పక్కన పెట్టేయండి అన్నారట. ఉత్తరం చివర ఇలా రాశారు: "ఆ క్లాసులోకి వెళ్ళాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది. ఇన్నేళ్ళూ పిల్లలకి అబద్ధం చెప్పానా?"

మేడమ్, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెప్తాను, ఆ భారం మనసులో పెట్టుకుని మిగతాది చదవడం కష్టం. మీరు అబద్ధం చెప్పలేదు. మీరు బోర్డు మీద రాసిన నియమం ల్యాబ్‌లో, ఇంజన్‌లో, అణువులో, నక్షత్రం నడిమధ్యలో అన్నిచోట్లా నిలబడింది. 2015 సెప్టెంబర్ 14న లైగో డిటెక్టర్లు పట్టుకున్న గురుత్వ తరంగాల సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. సూర్యుడికి సుమారు 36 రెట్లు, 29 రెట్లు ద్రవ్యరాశి ఉన్న రెండు బ్లాక్ హోల్స్ కలిసిపోయి 62 రెట్లున్న ఒకటి మిగిలింది. ఆ తేడా మూడు సూర్యుళ్ళ ద్రవ్యరాశికి సమానమైన శక్తి తరంగాలుగా బయటికి వెళ్ళింది. అంత భయంకరమైన సంఘటనలో కూడా శక్తికి లెక్క చెప్పగలుగుతున్నాం. మీరు రాసిన వాక్యంలో సరిచేయాల్సింది "మినహాయింపు లేదు" అన్న చివరి ముక్క ఒక్కటే. ఆ నియమానికి ఒక షరతు ఉంది. అది ఈమధ్య డార్క్ ఎనర్జీ వచ్చాక పుట్టిన షరతు కాదు, వందేళ్ళకు పైగా తెలిసినదే. పాఠ్యపుస్తకాలు దాన్ని చెప్పకుండా వదిలేశాయి.

ఆ కథ మీ క్లాసులో చెప్పాల్సిన కథ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతాన్ని పూర్తి చేశాడు. గోటింగెన్‌లో ఉన్న హిల్బర్ట్, క్లైన్ అనే ఇద్దరు గణితవేత్తలకి అందులో ఒక విషయం మింగుడు పడలేదు. ఈ సిద్ధాంతంలో శక్తి నిత్యత్వం పాత సిద్ధాంతాల్లో ఉన్నట్టుగా లేదు, ఏదో తేడాగా కనిపిస్తోంది. అంటే మీ విద్యార్థి లేవనెత్తిన చిక్కు, డార్క్ ఎనర్జీ లేకుండానే, సిద్ధాంతం పుట్టిన కొత్తలోనే అంతటివాళ్ళని ఇబ్బంది పెట్టింది. దాన్ని విప్పింది ఎమ్మీ నోతర్ అనే గణితవేత్త. ఆడమనిషి కాబట్టి అక్కడ ఆమెకి అధికారికంగా పాఠం చెప్పే హక్కు కూడా లేని రోజులవి, ఆమె చెప్పే క్లాసులు హిల్బర్ట్ పేరు మీద ప్రకటించేవాళ్ళు. 1918లో ఆమె నిరూపించిన విషయాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ఒక వ్యవస్థను నడిపించే నియమాలూ దాని వెనకున్న నేపథ్యమూ నిన్న, ఇవాళ, రేపు ఒకేలా ఉంటే, ఆ వ్యవస్థలో మారకుండా ఉండిపోయే ఒక రాశి తప్పకుండా ఉంటుంది. ఆ రాశి పేరే శక్తి.

ఇందులో "ఒకేలా ఉంటే" అన్నదే మనం వెతుకుతున్న షరతు. మీ ల్యాబ్‌లో పొద్దున్నకీ సాయంత్రానికీ స్థలకాలం (స్థలమూ కాలమూ కలిసిన నేపథ్యం) మారదు, అందుకే అక్కడ నియమం తిరుగులేనిది. వ్యాకోచించే విశ్వాన్ని మొత్తంగా చూస్తే నేపథ్యమే కాలంతో మారిపోతోంది. షరతు నెరవేరని చోట నియమం వర్తించకపోతే నియమం ఓడిపోయినట్టు కాదు. నోతర్ సిద్ధాంతం ఏం చెప్పిందో సరిగ్గా అదే జరుగుతోంది.

ఇంకో సంగతి, ఇది మీ అబ్బాయికి తప్పకుండా చెప్పండి. శక్తి లెక్క కుదరకపోవడానికి డార్క్ ఎనర్జీ అక్కర్లేదు, మామూలు వెలుతురు చాలు. 1965లో పెన్జియాస్, విల్సన్ విశ్వమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ కాంతి గురించి ప్రకటించారు. అది మహావిస్ఫోటం తరవాత సుమారు 3,80,000 ఏళ్ళకి స్వేచ్ఛగా బయల్దేరిన కాంతి. బయల్దేరినప్పుడు దాని ఉష్ణోగ్రత సుమారు 3000 కెల్విన్, ఇప్పుడు 2.725. ఫోటాన్ల సంఖ్య తగ్గలేదు, ఎవరూ వాటిని మింగలేదు, కానీ తరంగదైర్ఘ్యం సుమారు 1100 రెట్లు సాగిపోయి ఒక్కో ఫోటాన్ శక్తి 1100వ వంతుకి పడిపోయింది. ఆ పోయిన శక్తి ఎక్కడికి పోయింది? మీ విద్యార్థి ప్రశ్నకి ఇది అద్దంలో ప్రతిబింబం లాంటి ప్రశ్న. వాడు పెరిగినదాని గురించి అడిగాడు, ఇది తరిగినదాని గురించి.

వెంటనే ఎవరికైనా తట్టే ఆలోచన ఒకటుంది, కాంతి పోగొట్టుకున్నదే డార్క్ ఎనర్జీగా మారిందేమో అని. చాలా అందంగా ఉంటుంది కానీ అంకెలు ఒప్పుకోవు. ఆ మైక్రోవేవ్ కాంతి బయల్దేరినప్పటి నుంచి ఇప్పటిదాకా పోగొట్టుకున్నదంతా కూడినా, అదే వ్యాకోచించే ఘనపరిమాణంలో ఇవాళ ఉన్న డార్క్ ఎనర్జీలో పదో వంతు కూడా కాదు. పైగా కాంతి తన శక్తిలో ఎక్కువ భాగం తొలి రోజుల్లోనే పోగొట్టుకుంది, డార్క్ ఎనర్జీ పెరిగిందేమో చాలా ఆలస్యంగా. ఇచ్చిన సమయానికీ పుచ్చుకున్న సమయానికీ పొత్తు కుదరదు. మీ క్లాసులో ఎవరో ఒకరు ఈ జవాబు చెప్తారు, అప్పుడు ఈ లెక్క దగ్గర పెట్టుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మీకు ఇష్టమైన పాఠమే ఇక్కడ మీకు సాయం చేస్తుంది. స్థిరోష్ణక వ్యాకోచానికి, అంటే వేడి లోపలికి రాకుండా బయటికి పోకుండా జరిగే వ్యాకోచానికి, మీరు రాసే సమీకరణం ఉందే, అంతర్గత శక్తిలో మార్పు అంటే పీడనాన్ని ఘనపరిమాణంలో మార్పుతో గుణించి ముందు మైనస్ పెట్టడం, అది విశ్వానికి కూడా అక్షరాలా వర్తిస్తుంది. 1922లో ఫ్రీడ్‌మాన్ ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి రాబట్టిన విశ్వ సమీకరణాల్లో ఇది ఇమిడి ఉంది. విశ్వంలో దూరాలన్నీ రెండు రెట్లయ్యాయనుకోండి, ఘనపరిమాణం 8 రెట్లు అవుతుంది. విశ్వంతో పాటే సాగే ఒక పెద్ద గడిని తీసుకుని అందులో ఏముందో చూద్దాం. మామూలు పదార్థానికి పీడనం దాదాపు సున్నా, కాబట్టి గడిలో దాని శక్తి మారదు. కాంతికి పీడనం ధనాత్మకం, శక్తి సాంద్రతలో మూడో వంతు, కాబట్టి గడిలో దాని శక్తి సగానికి పడిపోతుంది. డార్క్ ఎనర్జీ విశ్వ స్థిరాంకం (ఐన్‌స్టీన్ సమీకరణాల్లో ఎక్కడా ఎప్పుడూ మారని ఒక విలువ) లాంటిదే అయితే దాని పీడనం రుణాత్మకం, సాంద్రతకి సరిగ్గా సమానం, గుర్తు మాత్రం వేరు. మైనస్‌కి మైనస్ కలిసి ప్లస్ అవుతుంది, గడిలో దాని శక్తి 8 రెట్లు పెరుగుతుంది, అంటే సాంద్రత మారకుండా ఉంటుంది. మీ విద్యార్థి నియమం తప్పిందనుకున్న చోట నిజానికి మీ మొదటి నియమమే పనిచేస్తోంది, మూడు చోట్లా ఒకే సమీకరణం. సాంద్రత తగ్గకపోవడానికి కారణం కూడా ఆ సమీకరణమే. (వ్యాకోచం వేగం పుంజుకోవడానికీ ఈ రుణ పీడనమే మూలం. గురుత్వాకర్షణ లెక్కలో సాంద్రతకి మూడు రెట్ల పీడనాన్ని కలపాలి, డార్క్ ఎనర్జీ విషయంలో ఆ మొత్తం సున్నాకి కిందికి పోతుంది, ఆకర్షణ బదులు వికర్షణ వస్తుంది. 1998లో రెండు బృందాలు, ఒకటి పెర్ల్‌మట్టర్ నడిపినది, ఇంకోటి ష్మిట్, రీస్‌లు ఉన్నది, దూరపు సూపర్‌నోవాలు అనుకున్నదానికన్నా మసకగా ఉండటంలో చూసింది దీని ఫలితాన్నే. 2011 నోబెల్ ఆ ముగ్గురికీ వచ్చింది.)

మరి చిక్కు ఎక్కడ మిగిలింది? మీరు పిస్టన్ బొమ్మ గీసినప్పుడు వాయువు పోగొట్టుకున్న శక్తి పిస్టన్‌కి చేరుతుంది, పిల్లలకి దాన్ని వేలితో చూపించగలరు. విశ్వానికి పిస్టన్ లేదు. గోడ లేదు, బయట లేదు. పీడనం అంతటా ఒకటే కాబట్టి గడికి ఈవైపూ ఆవైపూ ఒకే నెట్టుడు, నెట్టించుకునే వస్తువు ఏదీ లేదు. గురుత్వాకర్షణ క్షేత్రం పుచ్చుకుంది అనాలనిపిస్తుంది. కానీ ఫలానా చోట గురుత్వ శక్తి ఇంత ఉంది అని సాపేక్షతా సిద్ధాంతంలో చెప్పలేం, ఎందుకంటే స్వేచ్ఛగా కిందికి పడుతున్న మనిషికి తానున్న చోట గురుత్వాకర్షణే తెలియదు. ఏ బిందువు దగ్గరైనా అలాంటి పరిశీలకుణ్ణి పెట్టి అక్కడి గురుత్వ క్షేత్రాన్ని మాయం చేయొచ్చు. చూసేవాణ్ణి మారిస్తే మాయమైపోయేదాన్ని ఈ గడిలో ఇంత అని ఎలా కూడతాం?

ఇంకో అడ్డంకి కూడా ఉంది. భూగోళం మీద రెండు వేర్వేరు చోట్ల నేల మీద పడుకోబెట్టిన రెండు బాణాలను కూడాలంటే ఒకదాన్ని రెండోదాని దగ్గరికి జరపాలి, వంపు ఉన్న ఉపరితలం మీద ఏ దారిన జరిపామన్నదాన్ని బట్టి దాని దిశ మారిపోతుంది. శక్తి కూడా అలాంటి ఒక బాణంలో ఒక భాగమే, ద్రవ్యవేగం మిగతా భాగాలు. వంపు తిరిగిన స్థలకాలంలో ఇక్కడి శక్తినీ ఎన్నో కోట్ల కాంతి సంవత్సరాల అవతలి శక్తినీ కూడి "మొత్తం" అనడానికి అందరూ ఒప్పుకునే ఏకైక పద్ధతి లేదు. మొదట్లో చెప్పిన బ్లాక్ హోల్స్ విషయంలో ఇది ఎలా కుదిరిందంటే, వాటి నుంచి దూరం వెళ్ళేకొద్దీ స్థలకాలం దాదాపు చదునుగా, మార్పు లేకుండా ఉంటుంది, అక్కడ నిలబడి లోపలున్నదంతా తూకం వేయొచ్చు. విశ్వం మొత్తానికి అలా బయట నిలబడే చోటు లేదు.

ఇంతదాకా వచ్చాం కాబట్టి మీరు చదివిన మూడు జవాబులు కొట్టుకోవడం లేదని మీకు కనిపిస్తూ ఉండాలి. సమీకరణాల దగ్గర ముగ్గురికీ తగాదా లేదు, ఒకే సమీకరణాలకి ఎవరు ఏ పద్దు రాస్తారన్నదే తేడా. క్లాసులో మీరు ఏది ఎంచుకున్నా భౌతికశాస్త్రం తప్పినట్టు కాదు, కానీ ఒక్కోదానికి ఒక్కో ఖర్చు ఉంది.

"విశ్వం మొత్తానికి శక్తి నిత్యత్వం వర్తించదు" అని సూటిగా చెప్పడం ఒక దారి. నిజాయితీ ఉంది, నోతర్ చెప్పినదానితో నేరుగా కలుస్తుంది, కాంతి చల్లబడటాన్నీ డార్క్ ఎనర్జీనీ ఒకే మాటతో తేల్చేస్తుంది. కానీ పిల్లలు ఆ వాక్యంలో ముందున్న "విశ్వం మొత్తానికి" అన్నది మర్చిపోయి "వర్తించదు" ఒక్కటే ఇంటికి తీసుకెళ్తారు, మీ విద్యార్థి పేపర్ సరిగ్గా అలా పుట్టినదే. ఈ దారిలో వెళ్తే స్థానికంగా నియమం చెక్కుచెదరలేదన్న సంగతి అదే ఊపిరిలో చెప్పాలి, మర్నాటికి వదిలేయకూడదు.

గురుత్వ శక్తిని కలుపుకుని లెక్క సరిచేయడం రెండో దారి. పిల్లలకి ఇది ఊరటగా ఉంటుంది, మీ బోర్డు మీది వాక్యం యథాతథంగా మిగులుతుంది. న్యూటన్ పద్ధతిలో దీన్ని చాలా బాగా చూపించొచ్చు కూడా. దూరంగా వెళ్ళిపోతున్న ఒక గెలాక్సీకి గతిజ శక్తి, పదార్థం ఆకర్షణ వల్ల వచ్చే రుణ స్థితిజ శక్తి, డార్క్ ఎనర్జీ వికర్షణ వల్ల దూరం వర్గంతో పాటు ఇంకా రుణంలోకి దిగే మరో స్థితిజ శక్తి, ఈ మూడింటినీ కూడితే మొత్తం మారదు. గెలాక్సీ వేగం ఎందుకు పెరుగుతోందంటే వికర్షణ అనే వాలు మీద కిందికి జారుతోంది కాబట్టి అని చెప్పొచ్చు. నాకు ఈ లెక్క ఇష్టం. అయితే ఇది గెలాక్సీ శక్తికి చెప్పిన లెక్క, ఖాళీ స్థలంలో పెరుగుతున్న డార్క్ ఎనర్జీకి కాదు, వెనక బెంచీ అబ్బాయి అడిగింది రెండోదాన్ని. దాన్ని కూడా సరిచేయాలంటే పెరిగినంతా గురుత్వ క్షేత్రం రుణంగా మోస్తోందని చెప్పాలి. అప్పుడు వాడు "ఆ రుణ శక్తిని ఎక్కడ, ఎలా కొలుస్తారు?" అంటాడు. కొలవలేం. లెక్క సరిపోయేలా మనమే నిర్వచించుకున్నాం కాబట్టి సరిపోయింది. చురుకైన పిల్లాడు దాన్ని పట్టేస్తాడు, మళ్ళీ మొదటికొస్తారు.

మూడో దారి, విశ్వం మొత్తం శక్తి అన్న రాశిని సిద్ధాంతం నిర్వచించదు, కాబట్టి అది పెరిగిందా తగ్గిందా అన్నది తేల్చగలిగిన ప్రశ్న కాదు అని చెప్పడం. మూడింట్లో కచ్చితమైనది ఇదే. కష్టమైనదీ ఇదే. సరిగ్గా చెప్పకపోతే ప్రశ్నని తోసిపుచ్చినట్టు వినిపిస్తుంది, ఇన్నాళ్ళు వాయిదా వేశాక ఇప్పుడు ఈ ఒక్క ముక్క చెప్తే వాడు బాధపడతాడు కూడా. బాణాల సంగతి, పిస్టన్ లేకపోవడం రెండూ విప్పి చెప్పే టైమ్ ఉంటేనే దీని జోలికి వెళ్ళండి.

నన్నడిగితే మొదటిదాంతో మొదలుపెట్టి మూడోదానితో ముగిస్తాను, నడుమ న్యూటన్ లెక్కని ఒక ఉదాహరణగా వాడతాను. కానీ మీ పిల్లలకి సాపేక్షత ఎంత తెలుసో, మీకు ఎన్ని పీరియడ్లు దొరుకుతాయో నాకు తెలియదు, అది మీరు చూసుకోవాల్సిందే. ఒకటే పీరియడ్ ఉంటే కాంతి చల్లబడటం, మొదటి నియమం సమీకరణం, నోతర్ షరతు, ఈ మూడూ చాలు.

మీ హెడ్ గారు చెప్పినట్టు వదిలేయడం కూడా ఒక దారే. సిలబస్ పూర్తవుతుంది, గొడవ ఉండదు. కానీ ఆ అబ్బాయి జవాబు వెతకడం ఆపడు, మీ దగ్గర దొరకనిది ఇంకోచోట వెతుక్కుంటాడు, ఉచిత శక్తి యంత్రాలు అమ్మేవాళ్ళు సరిగ్గా ఇలాంటి పిల్లల కోసమే చూస్తుంటారు. మిగతా క్లాసు కూడా ఒక సంగతి నేర్చుకుంటుంది, కష్టమైన ప్రశ్న అడిగితే టీచర్ మాట మారుస్తారని. మీరు అలాంటి టీచర్ కాదు, కాకపోతే ఇంత పెద్ద ఉత్తరం రాసేవారు కాదు.

హెడ్ గారితో మాట్లాడాల్సి వస్తే, లేదా క్లాసులో ఎవరైనా "ఎక్కడో దాక్కున్న శక్తి ఉండే ఉంటుంది, న్యూట్రినో విషయంలో అలాగే తేలిందిగా" అంటే, ఆ పోలిక పూర్తిగా అతకదని చెప్పండి. బీటా క్షయంలో, అంటే కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ బయటికొచ్చే రేడియోధార్మిక మార్పులో, శక్తి తగ్గినట్టు కనిపించినప్పుడు నీల్స్ బోర్ అంతటివాడు నియమాన్నే వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. 1930లో పౌలీ కనిపించని కణం ఒకటి ఉందన్నాడు, అదే న్యూట్రినో, 1956లో కొవాన్, రైన్స్ దాన్ని పట్టుకున్నారు. అక్కడ పరీక్షకి నిలబడింది స్థానిక నియమం, ఒక కేంద్రకం దగ్గర, ఒక ల్యాబ్‌లో, షరతు పూర్తిగా నెరవేరిన చోట. అందుకే పౌలీ పట్టుదల ఫలించింది. ఇక్కడ స్థానిక నియమానికి ఏ లోటూ రాలేదు, ప్రతి చిన్న ప్రాంతంలోనూ లెక్క తూచినట్టు సరిపోతోంది, కాబట్టి వెతకాల్సిన దొంగ ఎవరూ లేరు.

ఇక ఇంధనం లేని యంత్రం. సంతకం విషయంలో మీకు నిజంగా పనికొచ్చేది ఇదే, కాబట్టి వాడి చేతే లెక్క వేయించండి. ప్లాంక్ ఉపగ్రహం కొలతల ప్రకారం విశ్వంలోని శక్తి సాంద్రతలో సుమారు 68 శాతం డార్క్ ఎనర్జీ. వినడానికి ఎంతో ఉన్నట్టుంటుంది. ఒక ఘన కిలోమీటర్ స్థలంలో ఎంత ఉందో లెక్కేస్తే సుమారు అర జౌల్ వస్తుంది. వంద గ్రాముల బరువుని అర మీటర్ ఎత్తడానికి పట్టే శక్తి అది. భూమికి పైన, వాతావరణం బయట, ఒక చదరపు మీటర్ మీద సూర్యకాంతి సెకనుకి 1361 జౌళ్ళు పడుతుంది, అంటే ఆ అర జౌల్ రావడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు.

అది ఉన్న మొత్తం. వాడు పట్టుకోవాలనుకుంటున్నది పెరిగే భాగం కదా, అది ఇంకా తక్కువ. ఇప్పటి వేగంతో దూరాలు 100 కోట్ల ఏళ్ళకి సుమారు 7 శాతం పెరుగుతాయి, ఘనపరిమాణం సుమారు ఐదో వంతు. అంటే గెలాక్సీ సమూహాల మధ్య ఉన్న ఖాళీలో ఒక ఘన కిలోమీటర్‌కి 100 కోట్ల ఏళ్ళు కాపు కాస్తే ఒక జౌల్‌లో పదో వంతు కలుస్తుంది. మన గెలాక్సీ లోపల అదీ లేదు. అణువులు, గ్రహాలు, గెలాక్సీలు తమ బలాలతో కట్టుబడి ఉన్నాయి, విశ్వ వ్యాకోచంతో పాటు అవి సాగవు. అన్నిటికన్నా గట్టి అడ్డంకి వేరే ఉంది. ఏ ఇంజన్ అయినా తేడా ఉంటేనే తిరుగుతుంది, వేడికీ చల్లదనానికీ, ఎత్తుకీ పల్లానికీ. డార్క్ ఎనర్జీ మనకి తెలిసినంతలో అంతటా ఒకేలా ఉంది, ఇక్కడి నుంచి తీసుకుని పోయడానికి తక్కువ ఉన్న చోటంటూ లేదు. రెండు దూరపు గెలాక్సీలకి తాడు కట్టి, అవి దూరమవుతుంటే తాడు లాగుడుతో పని చేయించుకోవచ్చు కదా అని వాడు అనొచ్చు. ఊహగా అది తెలివితక్కువ ఆలోచన కాదు, శాస్త్రవేత్తలు నిజంగానే దాని మీద లెక్కలు వేశారు. కోట్ల కాంతి సంవత్సరాల పొడవున్న తాడుని తన బరువుకే తెగకుండా ఎలా చేస్తావో కూడా పేపర్‌లో రాయమనండి.

పేపర్ మీద ఇప్పుడున్నట్టుగా సంతకం పెట్టొద్దు. ఇది మాత్రం కాస్త గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే ముగింపు తప్పు, తప్పు ముగింపు మీద మీ పేరు ఉంటే రేపు వాడికి కూడా మంచిది కాదు. అలాగని తిరస్కరించి పంపేయొద్దు కూడా. పేపర్‌లో సగం ఉంది, నిజంగా మంచి సగం. సాంద్రత మారకుండా ఘనపరిమాణం పెరిగితే శక్తి పెరగాలి అని తనంతట తాను పట్టుకున్నాడు. హిల్బర్ట్‌ని ఇబ్బంది పెట్టిన చోటికే వాడూ వచ్చాడని ముందు ఆ మాట చెప్పండి. పేపర్ తిరిగిస్తూ "నియమం తప్పు" అన్న చోట "నియమానికి ఉన్న షరతు ఏమిటి" అని మార్చి రాయమనండి, మిగతాది దానంతట అదే సర్దుకుంటుంది. వాడు ఒప్పుకోకపోవచ్చు, ఈ వయసులో సంచలనం కావాలనిపిస్తుంది. అప్పుడు పైన చెప్పిన లెక్కలు వేసి తెచ్చాకే సంతకం అని చెప్పండి, గడువు పెట్టండి. వేసి తెస్తే మీకు దొరికిన మంచి విద్యార్థి అని తెలుస్తుంది. తేకపోతే సంతకం పెట్టకపోవడానికి కారణం మీ భయం కాదని మీకైనా తెలుస్తుంది.

క్లాసులో ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని ఎవరైనా అడిగితే, మంచి ప్రశ్న కాబట్టి చదవడానికి టైమ్ పట్టిందని చెప్పేయండి. అది నిజమే కదా. దాంతో మీ మీద గౌరవం తగ్గుతుందని మీరు భయపడుతున్నారు, నాకు మాత్రం అలా అనిపించడం లేదు. వాడు గమనించేది మీరు ఎంత ఆలస్యం చేశారన్నది కాదు, తన ప్రశ్న కోసం నిజంగా కూర్చున్నారా లేదా అన్నది.

ఇంకొకటి, ఇది చదివాక వాడు తప్పకుండా తెస్తాడు కాబట్టి ముందే రాస్తున్నాను. డార్క్ ఎనర్జీ సాంద్రత నిజంగా మారకుండా ఉందా అన్నదే ఇప్పుడు ప్రశ్నలో పడింది. అమెరికాలో ఆరిజోనాలోని కిట్ పీక్ మీద ఉన్న డెసి అనే పరికరంతో గెలాక్సీల పటం గీస్తున్న బృందం 2024లో, మళ్ళీ 2025 మార్చిలో ఫలితాలు ఇచ్చింది. వాటిని మైక్రోవేవ్ కాంతి, సూపర్‌నోవా కొలతలతో కలిపి చూస్తే డార్క్ ఎనర్జీ కాలంతో కొంచెం బలహీనపడుతోందేమో అన్న సూచన ఉంది. ఏ సూపర్‌నోవా జాబితా కలిపారన్నదాన్ని బట్టి 2025 ఫలితాల్లో దాని గట్టిదనం 2.8 నుంచి 4.2 సిగ్మా దాకా ఉంది (ఫలితం కాకతాళీయం కాదని ఎంత నమ్మొచ్చో చెప్పే కొలత సిగ్మా), కనుక్కున్నామని ప్రకటించడానికి మామూలుగా అడిగే 5 సిగ్మా అప్పటికి రాలేదు. అది నిజమైనా మీ సమీకరణం మారదు. పీడనానికీ సాంద్రతకీ ఉన్న నిష్పత్తి కచ్చితంగా మైనస్ ఒకటి కాకుండా కాస్త అటూ ఇటూ అవుతుంది, గడిలో శక్తి 8 రెట్లకి బదులు ఇంకో లెక్కన పెరుగుతుంది. ఆ నిష్పత్తి మైనస్ సున్నా పాయింట్ తొమ్మిది అయితే దూరాలు రెండింతలైనప్పుడు గడిలో శక్తి ఎన్ని రెట్లవుతుందో క్లాసు మొత్తానికి హోంవర్క్ ఇవ్వండి, 6.5కి దగ్గరగా రావాలి.